మల్టీస్కేల్ బాస్ తీసుకోవాలా, మామూలు అయిదు స్ట్రింగుల బాస్ సరిపోతుందా?

ఒక్కో స్ట్రింగ్‌కి ఒక్కో పొడవు ఉండి, ఫ్రెట్లు (మెడ మీది లోహపు కమ్మీలు) ఏటవాలుగా ఉండే మల్టీస్కేల్ బాస్ గిటార్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో సులువుగానే దొరుకుతున్నాయి. చూడగానే కొనాలనిపిస్తాయి కూడా. అయితే అవి చేసే మేలు ముఖ్యంగా ఒక్క స్ట్రింగ్ దగ్గరే కనబడుతుంది: అన్నిటికన్నా మందమైన బి స్ట్రింగ్ (తర్వాతవి వరసగా ఇ, ఎ, డి, జి). మీరు వాయించే పాటల్లో ఆ స్ట్రింగ్ మీద మొదటి నాలుగు ఫ్రెట్లు ఎంత తరచుగా పలుకుతాయో చూసుకుంటే, ఏది కొనాలన్నది సగం తేలినట్టే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బాస్‌కి పని ఎక్కువగా చర్చి బ్యాండ్లలో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, జాతర స్టేజీల మీద, కాలేజీ బ్యాండ్లలో ఉంటుంది. ఇక్కడ పాట అసలు శ్రుతిలోనే నడవాలన్న నియమం లేదు. గాయకుడు "ఒకటిన్నరకి దింపండి" అంటాడు. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే సరిపోతుంది. బాస్‌కి ఆ బటన్ లేదు. మగ గొంతుకి సాధారణంగా వచ్చే శ్రుతులు ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర. అంటే సి, సి షార్ప్, డి, డి షార్ప్. నాలుగు స్ట్రింగుల బాస్‌లో అన్నిటికన్నా కింద ఉన్న స్వరం ఇ. ఒకటి శ్రుతి పాటలో అది గాంధారం. కింది షడ్జమం దానికి అందదు, ఎ స్ట్రింగ్ మూడో ఫ్రెట్ మీద పై స్థాయి షడ్జమంతోనే సరిపెట్టుకోవాలి. అయిదో స్ట్రింగ్ ఉంటే ఆ నాలుగు శ్రుతుల షడ్జమాలూ బి మీద వరసగా 1, 2, 3, 4 ఫ్రెట్లలో దొరుకుతాయి.

ఫ్రెట్ల మధ్య దూరం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది అక్కడే. వదులు స్ట్రింగ్ ముద్దగా పలికేదీ అక్కడే. మల్టీస్కేల్ మంచిచెడ్డలు రెండూ ఆ నాలుగు ఫ్రెట్ల దగ్గరే తేలతాయి.

పాటలు రెండు శ్రుతికన్నా కిందికి దిగని బ్యాండైతే అయిదో స్ట్రింగ్ అవసరమే లేకపోవచ్చు. ఉన్న నాలుగు స్ట్రింగుల బాస్‌లో ఇ ని డి కి దించుకోండి. బిగువు 20 శాతం దాకా పడిపోతుంది కాబట్టి 105 బదులు 110 గేజ్ (స్ట్రింగ్ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) వేయండి. దాంతో పని అయిపోతుంది.

పొడవు పెరిగితే ఏం మారుతుంది

బొబ్బిలి వీణ చూడండి. సారణి నుంచి అనుమంద్రం దాకా నాలుగు తీగలదీ ఒకటే పొడవు, 24 మెట్లూ తీగలకి అడ్డంగా నిటారుగా ఉంటాయి. మంద్రం కావాలంటే తీగ మందం పెంచడమో, వదులు చేయడమో తప్ప దారి లేదు. మామూలు బాస్‌ది కూడా ఇదే పద్ధతి. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బాస్ నుంచి స్ట్రింగ్ పొడవుకి 34 అంగుళాలే వాడుక కొలతగా నిలిచింది. నాలుగు స్ట్రింగులకి అది చక్కగా కుదిరింది. ఆ పొడవు మీదే అయిదోది ఎక్కించాక ఇబ్బంది మొదలైంది. తెరిచి మీటిన బి స్వరం సెకనుకి 30.87 కంపనాలు. ఆ పొడవులో అంత కింది స్వరం రావాలంటే స్ట్రింగ్ మరీ మందంగానో, మరీ వదులుగానో ఉండాలి.

పియానోలో, హార్ప్‌లో మంద్ర తీగలు పొడవుగా, తార తీగలు పొట్టిగా ఉంటాయి. మల్టీస్కేల్ చేసేది అదే. స్ట్రింగులు ఆనే రెండు చివరలు, మెడ చివర నట్, ఒంటి మీద బ్రిడ్జ్, రెండూ ఏటవాలుగా ఉంటాయి, కాబట్టి బి పొడవు ఎక్కువ, జి పొడవు తక్కువ. ఇంగ్లండులో 16వ శతాబ్దంలో వాయించిన ఒర్ఫారియన్ అనే తీగ వాయిద్యంలోనే ఏటవాలు ఫ్రెట్లు ఉన్నాయి. ఈ కాలపు గిటార్లలోకి వాటిని తెచ్చింది అమెరికాకి చెందిన రాల్ఫ్ నొవాక్, పేటెంట్ 1989లో వచ్చింది. బాస్‌లలో దీనికి పేరు తెచ్చింది కెనడాలోని డింగ్‌వాల్ సంస్థ.

గేజ్, శ్రుతి మారకపోతే బిగువు పొడవు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 34 అంగుళాలతో పోలిస్తే 35 మీద 6 శాతం, 35.5 మీద 9 శాతం, 37 మీద 18 శాతం ఎక్కువ. చాలామంది ఈ ఒక్క లెక్క చూసి ఆగిపోతారు. స్టేజీ మీద వినబడే తేడాకి ఇంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. మందపాటి స్ట్రింగ్ కొంతవరకు ఇనుప కడ్డీలా గట్టిగా ఉండి వంగనంటుంది. అందుకని దాని హార్మోనిక్స్ (మూల స్వరంతో పాటే పలికే పై స్వరాలు) మూల స్వరానికి సరిగ్గా రెండింతలు, మూడింతల దగ్గర పడవు, కాస్త పైకి జరుగుతాయి. ఆ జరుగుడు పొడవు నాలుగో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది: అదే స్ట్రింగ్‌కి 35 మీద 11 శాతం, 37 మీద 29 శాతం తక్కువ.

దీనికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, మన స్టేజీల మీద ఉండే 12, 15 అంగుళాల పీఏ బాక్సులు (జనం వైపు పెట్టే స్పీకర్లు) 40–50 హెర్ట్జ్ కన్నా కింద పెద్దగా పలకవు. సి మూల స్వరం 32.7 హెర్ట్జ్. అది జనానికి దాదాపు చేరదు. చేరేది 65, 98 హెర్ట్జ్ నుంచి పైకి ఉన్న హార్మోనిక్స్. అవి పక్కకి జరిగితే కీబోర్డు ప్యాడ్ పక్కన బాస్ శ్రుతి తప్పినట్టు, ఉట్టి గుడగుడలా వినబడుతుంది. ట్యూనర్ మాత్రం అంతా సరిగ్గానే ఉందని చూపిస్తుంది. అప్పుడు సౌండ్ మనిషి బాస్ నాబ్ పెంచుతాడు, ముద్ద ఇంకా పెరుగుతుంది.

ఏది ఎవరికి

ఇప్పటికే 34 అంగుళాల అయిదు స్ట్రింగుల బాస్ (యమహా టీఆర్‌బీఎక్స్ 305 లాంటిది, ఫెండర్ అయిదు స్ట్రింగులది లాంటిది) మీ దగ్గర ఉంటే దాన్ని అమ్మకముందు ఒక్క బి స్ట్రింగ్ మార్చి చూడండి. 125 గేజ్ ఉంటే 130 గానీ 135 గానీ వేయండి. బిగువు మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 125 నుంచి 135 కి వెళితే 16 శాతం దాకా వస్తుంది, అంటే దాదాపు 37 అంగుళాల బాస్ ఇచ్చేంత. అయితే మందంతో పాటు గట్టిదనం కూడా పెరుగుతుంది, హార్మోనిక్స్ చిక్కు అలాగే ఉండిపోతుంది. అందుకే టేపర్ రకం అడగండి. వాటిలో బ్రిడ్జ్ శాడిల్ మీద కూర్చునే చోట పై చుట్టు తగ్గించి సన్నగా చేస్తారు. అక్కడ స్ట్రింగ్ సులువుగా వంగుతుంది, ఇంటొనేషన్ (అన్ని ఫ్రెట్ల మీదా స్వరం శ్రుతిలో ఉండడం) కుదురుతుంది, స్వరం విడిగా తెలుస్తుంది. ఇదంతా ఒక స్ట్రింగ్ ఖర్చుతో అయ్యే పని. చాలామందికి ఇక్కడితోనే సమస్య తీరిపోతుంది.

35 అంగుళాల నిటారు ఫ్రెట్ల బాస్‌లు ఇంకో దారి, లాక్‌లాండ్ అయిదు స్ట్రింగులవి అలాంటివే. బి బాగుపడుతుంది, కానీ అవసరం లేని జి కూడా 6 శాతం బిగుస్తుంది. పై స్వరాలు కాస్త గట్టిగా, పలచగా వస్తాయి. చేతికి అలవాటైన నిటారు ఫ్రెట్లు వదులుకోలేనివాళ్లకి తప్ప దీన్ని మేము మొదటి ఎంపికగా చెప్పం.

35–33 మల్టీస్కేల్‌కి ఐబనీజ్ ఈహెచ్‌బీ1005ఎంఎస్ మంచి ఉదాహరణ. బి కి 35 అంగుళాల మేలు అందుతుంది. జి 33 కాబట్టి 34 కన్నా 6 శాతం మెత్తగా ఉండి, పై స్వరాల్లో చిన్న పాట ముక్క వాయించినా నిండుగా పలుకుతుంది. ఏటవాలు తక్కువ, చెయ్యి త్వరగా అలవాటుపడుతుంది. శ్రుతులు మారే పాటలతో రాత్రంతా నిలబడి వాయించేవాళ్లకి మా మొదటి సలహా ఇదే. ఒక్క జాగ్రత్త: 40 గేజ్‌తో మొదలయ్యే పలచటి సెట్టు వేస్తే జి మరీ వదులవుతుంది, 45 తో మొదలయ్యేది వేయండి. ఇది హెడ్‌స్టాక్ (మెడ చివర శ్రుతి మేకులుండే తల) లేని బాస్ కాబట్టి బస్సులో, రైలు బెర్తు కింద సులువుగా పడుతుంది.

35.5–34 (ఐబనీజ్ ఎస్‌ఆర్‌ఎంఎస్805) జి దగ్గర పాత 34 బిగువే కావాలనుకునేవాళ్లకి. రెండు చివర్ల తేడా ఒకటిన్నర అంగుళమే, ఏటవాలు అన్నిటికన్నా తక్కువ.

37–34 దగ్గరికి వచ్చేసరికి ఇది వేరే వాయిద్యమా అనిపిస్తుంది. డింగ్‌వాల్ కంబషన్, ఎన్‌జీ అయిదు స్ట్రింగుల మోడళ్లు ఈ కొలతవే. బి స్ట్రింగ్ పియానో ఎడమ చివర మీట లాగా స్పష్టంగా, పదునుగా పలుకుతుంది. బి ని ఇంకా కిందికి, ఎ కి దించి మెటల్ వాయించే కాలేజీ బ్యాండ్లకి దీనికి సాటి లేదు. కీర్తనలు, సినిమా పాటల ఆర్కెస్ట్రాకి మాత్రం ఆ పదును చాలాసార్లు ఎక్కువే అవుతుంది, టోన్ నాబ్ సగానికి తగ్గించి వాయించాల్సి వస్తుంది. పైగా చేతికి పడే శ్రమ ఒకటుంది. దాన్ని కొలతల్లో చూస్తేనే తెలుస్తుంది.

చేతి కింద ఏం జరుగుతుంది

మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కి దూరం 34 అంగుళాల మీద సుమారు 130 మిల్లీమీటర్లు, 35 మీద 133.5, 37 మీద 141. అంటే 35 కి వెళితే 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అది తెలియను కూడా తెలియదు. 37 కి వెళితే సెంటీమీటరు పైనే. ఫ్రెట్‌కి ఒక వేలు చొప్పున వేసే అలవాటుతో సి నుంచి డి షార్ప్ దాకా రాత్రంతా వాయిస్తే మణికట్టు నొప్పి పుడుతుంది. 37 తీసుకుంటే అయిదో ఫ్రెట్ దాకా 1–2–4 వేళ్ల పద్ధతికి మారక తప్పదు: ఉంగరపు వేలు, చిటికెన వేలు కలిపి ఒకే ఫ్రెట్ మీద, చెయ్యి మొత్తం మూడు ఫ్రెట్ల పరిధిలో. డబుల్ బాస్ వాళ్లు కింది స్వరాల దగ్గర పాటించేది ఇదే.

ఏటవాలు మాత్రం అనుకున్నంత ఇబ్బంది పెట్టదు. మోచెయ్యి ఒంటి పక్కన ఉండగా చెయ్యి నట్ వైపు చాస్తే వేళ్ల కొనలు వాటంతట అవే హెడ్‌స్టాక్ వైపు వాలతాయి. చెయ్యి పై ఫ్రెట్లకి వస్తే కొనలు బ్రిడ్జ్ వైపు తిరుగుతాయి. ఫ్రెట్ల వాలు కూడా అటే. మధ్యలో ఒక ఫ్రెట్ పూర్తిగా నిటారుగా ఉంటుంది, కొన్ని మోడళ్లలో ఏడో ఫ్రెట్, కొన్నింటిలో ఇంకాస్త పైన. కొనేటప్పుడు అది ఎక్కడుందో తప్పక చూడండి. 37–34 బాస్‌లో అది ఏడో ఫ్రెట్ అయితే నట్ దగ్గర ఏటవాలు 25 మిల్లీమీటర్లు, బ్రిడ్జ్ దగ్గర 51. పన్నెండో ఫ్రెట్ అయితే రెండు చోట్లా 38. కింది ఫ్రెట్లలోనే ఎక్కువ వాయించేవాళ్లకి ఏడు దగ్గరున్నదే హాయి. అయితే దానికి బదులుగా బ్రిడ్జ్ దగ్గర వాలు ఎక్కువ. అరచేత్తో స్ట్రింగులు నొక్కి మొద్దుగా వాయించేటప్పుడు జి శాడిల్ బి శాడిల్ కన్నా అయిదు సెంటీమీటర్లు ముందుంటుంది, కుడి చెయ్యి ఒక వాలులో పెట్టక తప్పదు.

కొత్తలో జరిగే పొరపాటు ఎక్కడంటే, ఏ ఫ్రెట్టో చూపడానికి మెడ అంచున ఉండే సైడ్ చుక్కల దగ్గర. ఆ చుక్కలు బి వైపు అంచున ఉంటాయి, కాబట్టి బి స్ట్రింగ్‌కి అవి సరిగ్గా సరిపోతాయి. కానీ పైన చెప్పిన 37–34 కొలతల్లో మొదటి ఫ్రెట్ బి దగ్గరకన్నా జి దగ్గర దాదాపు 2 సెంటీమీటర్లు ఒంటి వైపుకి జరిగి ఉంటుంది. చుక్క చూసి జి మీద వేలు వేస్తే అది ఫ్రెట్‌కి బాగా వెనక పడుతుంది, స్ట్రింగ్ గరగరమంటుంది. బాస్‌లో లోపం ఉందనుకుని యాక్షన్ (ఫ్రెట్ల మీద స్ట్రింగుల ఎత్తు) పెంచేస్తారు చాలామంది. అది అవసరం లేదు. చుక్కని బి, ఇ ల కోసమే చూడండి, డి, జి ల మీద ఫ్రెట్ కమ్మీనే చూడండి. కొన్ని వారాల్లో చూపు సర్దుకుంటుంది.

కార్డులు (ఒకేసారి పలికే స్వరాల గుంపులు) పట్టేవాళ్లు మొదటి రెండు ఫ్రెట్ల దగ్గర అడ్డంగా వేలు పరిచి చూసుకోండి. ఒక్కో స్వరం వాయించినప్పుడు తెలియని వాలు అక్కడ తెలుస్తుంది.

కొనేముందు పరీక్ష

విజయనగరం నుంచి విశాఖ 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 110 దాకా. మల్టీస్కేల్‌ని ఫొటో చూసి కొనే బదులు ఆ ప్రయాణం పెట్టుకోవడం మేలు. షాపులో ఇదే మోడల్ లేకపోయినా దగ్గరి కొలతలున్నది చేతికి దొరికితే చాలు. ట్యూనర్, మీ సొంత స్ట్రాప్ పట్టుకెళ్లండి. కూర్చుని చూస్తే సగమే తెలుస్తుంది. నిలబడి, స్టేజీ మీద పెట్టుకునే ఎత్తులోనే పెట్టుకుని చూడాలి.

ముందు బి ని తెరిచి గట్టిగా మీటి ట్యూనర్ చూడండి. గట్టిగా మీటినప్పుడు స్ట్రింగ్ సాగి కొంచెం పైకి పలికి, తర్వాత దిగుతుంది. వదులు స్ట్రింగ్ ఎక్కువ ఎగురుతుంది. రెండు బాస్‌లు పక్కపక్కన పెట్టి అంతే బలంతో మీటితే తేడా సూదిలో కనబడుతుంది.

తర్వాత ఒకే స్వరాన్ని రెండు చోట్ల వినండి: తెరిచిన ఇ, బి అయిదో ఫ్రెట్. రెండూ ఒకే ఇ. మంచి బాస్‌లో బి మీదది కాస్త మందంగా ఉన్నా అదే మనిషి గొంతులా ఉండాలి. ఇంకా పైకి వెళ్లి ఇ అయిదో ఫ్రెట్, బి పదో ఫ్రెట్ పోల్చండి. 34 అంగుళాల బాస్‌లలో చాలావాటికి ఇక్కడ బి మొద్దుబారిపోతుంది. మల్టీస్కేల్‌కి పెట్టే డబ్బు ఎక్కడికి పోతోందో ఈ ఒక్క చోట చెవికి తెలుస్తుంది. తేడా మీకు వినబడకపోతే ఆ డబ్బు యాంప్‌కి పెట్టండి.

చివరగా సి, సి షార్ప్, డి, డి షార్ప్ వరసని మెల్లగా, ఆపకుండా, ఒక పాట నిడివి సేపు వాయించండి. బొటనవేలి మొదలు దగ్గర నొప్పి అనిపిస్తే స్ట్రాప్ ఎత్తు మార్చి మళ్లీ చూడండి. అప్పటికీ ఉంటే ఆ కొలత మీ చేతికి కాదు.

రిపేరు, సెటప్

ఇక్కడి గిటార్ రిపేరు చేసేవాళ్లకి ట్రస్ రాడ్ (మెడ లోపల వంపు సర్దే ఇనుప కడ్డీ), యాక్షన్, ఇంటొనేషన్ పనులు మల్టీస్కేల్‌లోనూ అవే. నెక్ రిలీఫ్ (మెడకి ఉండే చిన్న వంపు) కొలిచేటప్పుడు మాత్రం మామూలు కాపో (ఫ్రెట్ దగ్గర స్ట్రింగులన్నీ నొక్కి పట్టే క్లిప్పు) పనికిరాదు, అది నిటారుగా పట్టుకుంటుంది. బి ని మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలితో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో వేలితో నొక్కి ఏడో ఫ్రెట్ మీద ఖాళీ చూడాలి. తర్వాత జి ని విడిగా చూడాలి. 0.25 నుంచి 0.35 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే మంచిది. పన్నెండో ఫ్రెట్ మీద బి ఎత్తు 2.5–2.8 మిల్లీమీటర్లు, జి 1.8–2 దగ్గర మొదలుపెట్టండి. వర్షాకాలంలో, అక్టోబరు–నవంబరు తుపాన్ల రోజుల్లో గాలిలో తేమ పెరిగి నెక్ కదులుతుంది. ట్రస్ రాడ్ పావు చుట్టుకి మించి ఒకేసారి తిప్పకండి, తిప్పాక ఒక రోజు ఆగి మళ్లీ కొలవండి. కళింగపట్నం, భావనపాడు లాంటి ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి స్ట్రింగులు త్వరగా తుప్పు పడతాయి, వాయించాక పొడిగుడ్డతో కింది వైపు కూడా తుడవాలి.

ఇబ్బంది పెట్టేవి రెండే. నట్ విరిగితే రెడీమేడ్‌ది దొరకడం కష్టం, ఎముక ముక్కతో చేత్తో చేయించాలి. పికప్‌లు (స్ట్రింగుల కదలికని యాంప్‌కి పంపే అయస్కాంత భాగాలు) ఏటవాలు గుంటల్లో కూర్చుంటాయి, మార్చాలంటే కవర్ కొలత సరిగ్గా అదే ఉండాలి.

స్ట్రింగుల విషయంలో మాత్రం కొన్న రోజే చూసుకోండి. బాల్ ఎండ్ నుంచి నట్ దాకా బి పొడవు టేపుతో కొలవండి. ప్యాకెట్ మీద లాంగ్ స్కేల్ అని రాసి ఉన్నవి 35 అంగుళాల బి కి మామూలుగా సరిపోతాయి. 37 కి చాలాసార్లు సరిపోవు. మందపాటి చుట్టు నట్ దాటకముందే అయిపోతే స్వరం చచ్చిపోతుంది. మరీ పొడుగైతే ఆ మందం శ్రుతి మేకు మీద చుట్టుకుని లోపలి తీగ తెగుతుంది. హెడ్‌స్టాక్ లేని బాస్‌లో స్ట్రింగ్‌ని ముందు స్క్రూతో బిగించి, మిగిలిన కొసని తొంభై డిగ్రీలు మడిచాకే కత్తిరించాలి. మడవకుండా కత్తిరిస్తే పై చుట్టు లోపలి తీగ మీద జారి వదులవుతుంది, కొత్త స్ట్రింగ్ అక్కడికక్కడే పాడవుతుంది. మన ఊళ్ల షాపుల్లో విడి బి దొరక్కపోవచ్చు కాబట్టి, ఆ కొలతకి సరిపడే బి ఒకటి, పూర్తి సెట్టు ఒకటి బాస్‌తో పాటే తెప్పించి సంచిలో ఉంచుకోండి.